ఇంట్లో పిల్లులు, గుండెల్లో రైళ్ళు: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది విజయవాడలో మూడో అంతస్తు ఫ్లాట్. ఇంట్లో నేను, మావారు, అత్తయ్య, ఇద్దరు పిల్లలు, రెండు పిల్లులు. ఒళ్ళంతా నలుపు ఉన్నది మిరియం, కాషాయం రంగుది లడ్డు. చుట్టాల్లో, అపార్ట్‌మెంట్‌లో ఎవరు పిల్లిని తెచ్చుకున్నా ఏదో ఒక రాత్రి గాభరాగా మాకు ఫోన్ చేస్తారు. అడిగేవి ఇంచుమించు అవే ప్రశ్నలు, అందుకే జవాబులన్నీ ఒకచోట రాసి పెట్టాను. నేను డాక్టర్ని కాను. కాకపోతే ఏ గాభరాకి చెప్పులేసుకుని పరుగెత్తాలో, ఏ గాభరాకి కాఫీ పెట్టుకుని కూర్చోవచ్చో ఇన్నేళ్ళలో కాస్త తెలిసింది. పిల్లితో చిక్కంతా అక్కడే ఉంది. కుక్కకి నొప్పొస్తే ఊరంతా వినిపిస్తుంది. పిల్లి మంచం కిందకి పోయి నోరు మూసుకుని పడుకుంటుంది.

ఏం కనిపిస్తే అర్ధరాత్రైనా ఆసుపత్రికి పరుగెత్తాలి?

నోరు తెరిచి రొప్పుతుంటే. మగపిల్లి పదే పదే లిట్టర్ ట్రేలో (పిల్లి మలమూత్రాలకి పెట్టే ఇసుక పళ్ళెం) కూర్చుని ముక్కుతున్నా చుక్క రాకపోతే. చిగుళ్ళు తెల్లగా, నీలంగా, గోధుమ రంగులో, పసుపుగా మారితే. వెనక కాళ్ళు ఉన్నట్టుండి ఈడ్చుకుంటుంటే. ఫిట్స్ వస్తే. విషం తిన్నదని అనుమానం వస్తే, లక్షణాలేవీ లేకపోయినా సరే.

బాగున్న రోజునే పిల్లి పెదవి పైకెత్తి చిగుళ్ళ రంగు చూసి పెట్టుకోండి. గులాబీ రంగులో ఉండాలి. కొన్ని పిల్లులకి చిగుళ్ళ మీద పుట్టుకతోనే నల్లమచ్చలుంటాయి, మా మిరియానికీ ఉన్నాయి. ముందే చూసి ఉంచకపోతే ఆ హడావుడిలో అదో కొత్త టెన్షన్. అలాగే పడుకున్నప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు పొట్ట పైకీ కిందకీ ఆడుతోందో లెక్కపెట్టండి. నిద్రలో 30 లోపు ఉంటే ఫర్వాలేదు. మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టినా 40 దాటుతోందంటే తెల్లారేదాకా ఆగకండి.

మగపిల్లి లిట్టర్ ట్రేలో గంటలకొద్దీ కూర్చుంటోంది. మలబద్ధకమేనా?

ఈ ప్రశ్నకి జవాబు కాస్త పొడుగ్గా చెప్తాను, ఎందుకంటే మేం లడ్డుని దాదాపు పోగొట్టుకుంది ఇక్కడే.

ఆ రోజు పొద్దుటి నుంచి వాడు ట్రేలోకి వెళ్ళడం, ఇసుక గోకడం, కూర్చోవడం, లేవడం, మళ్ళీ కూర్చోవడం. "పాపం, కట్టేసినట్టుంది అమ్మాయ్, చెంచాడు ఆముదం పట్టిద్దాం" అన్నారు అత్తయ్య. నేను ఇసుక కలిపి చూశాను. మూత్రం తగిలితే గడ్డ కట్టే ఇసుక అది. రాత్రి మార్చింది అలాగే పొడిగా ఉంది, ఒక్క గడ్డ కట్టలేదు. కాసేపటికి వాడు బాత్రూమ్‌లోకి వెళ్ళి, తెల్ల టైల్ మీద కూర్చుని సన్నగా అరిచాడు. లేచాక చూస్తే టైల్ మీద గులాబీ రంగు చుక్క ఒక్కటి. ఆముదం సీసా అక్కడే పెట్టేసి, పిల్లిని ఆసుపత్రికి తీసుకెళ్ళే బుట్ట తీశాం.

మగపిల్లుల మూత్రనాళం చాలా సన్నం. సన్నటి రాళ్ళ పొడి, జిగురు చేరి ఒక చిన్న బిరడా తయారైతే చాలు, మూత్రం పూర్తిగా ఆగిపోతుంది. వెనక్కి తన్నిన మూత్రం కిడ్నీల మీద పడుతుంది, రక్తంలో పొటాషియం పెరుగుతుంది, దాంతో గుండె లయ తప్పుతుంది. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోయే పరిస్థితి ఇది. డాక్టర్ పొట్ట మీద చెయ్యి వేసి, గట్టిపడిన మూత్రాశయాన్ని తడిమి, మమ్మల్ని ఇంకేమీ అడగకుండానే లోపలికి తీసుకెళ్ళిపోయారు. మత్తిచ్చి సన్నటి గొట్టం వేసి మూత్రం తీశారు, సెలైన్ ఎక్కించారు, కొన్నాళ్ళు అక్కడే ఉంచుకున్నారు.

ఇది మళ్ళీ రావచ్చు కూడా. అందుకే ఇప్పుడు వాడికి ఉత్త డ్రై ఫుడ్ పెట్టడం మానేశాం. తడి ఆహారం, ఉప్పు కారం లేకుండా ఉడికించిన కోడిమాంసం నీళ్ళతో సహా, ఇంట్లో మూడు నాలుగు చోట్ల నీళ్ళ గిన్నెలు. వాడు బరువు కూడా తగ్గాలి. అది మాత్రం అత్తయ్య చేతిలో ఉంది, నా చేతిలో లేదు.

ఆడపిల్లికి మూత్రం ఇలా పూర్తిగా ఆగిపోవడం అరుదు. దానికి మంట, ఇన్‌ఫెక్షన్ రావచ్చు. డాక్టర్‌కి చూపించాలి గానీ అర్ధరాత్రి పరుగు చాలావరకు అక్కర్లేదు.

పిల్లి ఎంత ఎత్తు నుంచి పడినా కాళ్ళ మీదే పడుతుందంటారు కదా, బాల్కనీకి నెట్ అవసరమా?

చాలాసార్లు కాళ్ళ మీదే పడుతుంది, నిజమే. గాల్లోనే ఒళ్ళు తిప్పుకుంటుంది. కానీ కాళ్ళ మీద పడ్డాక ఆ విసురుకి గడ్డం నేలకి కొట్టుకుంటుంది, ఛాతీ అదురుతుంది. న్యూయార్క్‌లోని యానిమల్ మెడికల్ సెంటర్ డాక్టర్లు 1987లో ఒక అధ్యయనం ప్రచురించారు. పై అంతస్తుల నుంచి పడి తమ దగ్గరికి వచ్చిన 132 పిల్లులను చూశారు. చికిత్స చేసినవాటిలో 90 శాతం బతికాయి. ఆ ఒక్క అంకె పట్టుకుని "పిల్లికేం కాదు" అనేవాళ్ళున్నారు. పడ్డచోటే చచ్చిపోయిన పిల్లిని ఎవరూ ఆసుపత్రికి మోసుకెళ్ళరు, అంటే ఆ లెక్కలోకి అవి రానే రాలేదు. బతికినవాటిలోనూ ఊపిరితిత్తులు దెబ్బతిన్నవి, అంగిలి చీలినవి, కాళ్ళు విరిగినవి బోలెడు.

మిరియం పావురం కోసం ఎగిరి మూడో అంతస్తు బాల్కనీ నుంచి కింద కార్ల షెడ్డు రేకు మీద పడింది. వాచ్‌మన్ పైకి తెచ్చి ఇచ్చేసరికి నడుస్తోంది, గిన్నెలో నీళ్ళు కూడా తాగింది. అందరం ఊపిరి పీల్చుకున్నాం. రాత్రి పదింటికి చూస్తే పక్కటెముకలు గబగబా ఎగురుతున్నాయి. ఎక్స్‌రేలో ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరినట్టు తేలింది. సూదితో ఆ గాలి తీశాక గానీ అది నిమ్మళంగా పడుకోలేదు. కాబట్టి పడిన పిల్లి నడిచినా తిన్నా ఆ రోజే డాక్టర్‌కి చూపించాలి.

నెట్ గురించి: పావురాల కోసం వేసే నైలాన్ నెట్‌ని పిల్లి గోళ్ళతో లాగి, కొరికి సందు చేసుకోగలదు. కాస్త ఖర్చయినా స్టీలు జాలీ మేలు. కిటికీ దోమతెర కూడా తలుపుతో సమానం అనుకోకండి. మావారు "మన పిల్లి తెలివైనది, దూకదు" అనేవారు. పావురం కనబడేదాకా ప్రతి పిల్లీ తెలివైనదే.

మల్లెపూల దండ దారం మింగింది. ఏం చేయాలి?

ఎండాకాలం మా ఇంట్లో పెద్ద గండం ఇదే. పూలు వాడాక తలలోంచి తీసి టీపాయ్ మీద పెడతాం. దారానికి వాసన పట్టి ఉంటుంది, కదిలిస్తే ఆడుతుంది. పిల్లికి ఇంకేం కావాలి. పైగా దాని నాలుక మీద ముళ్ళు లోపలి వైపుకి తిరిగి ఉంటాయి, ఒక కొస పట్టిందంటే ఉమ్మేయడం దానికీ కష్టమే.

దారం ఒక కొస నాలుక కిందో కడుపులోనో చిక్కుకుని, రెండో కొస పేగులోకి జారితే, పేగు ముందుకు పోదామని చూస్తూ ఆ దారం మీదకే చీర కుచ్చిళ్ళలా ముడుచుకుపోతుంది. దారం బిగిసి పేగు కోసుకుపోయే ప్రమాదం ఉంది. అందుకే నోట్లోంచి గానీ వెనకనుంచి గానీ దారం వేలాడుతూ కనిపిస్తే లాగకండి. బలంగా లాగితే లోపల తెగేది పేగే. వేలాడేది మరీ పొడుగ్గా ఉంటే కొంచెం వదిలి కత్తిరించి ఆసుపత్రికి తీసుకెళ్ళండి. వాంతులు, తిండి మానేయడం, పొట్ట ముట్టుకుంటే కసురుకోవడం కనిపిస్తే స్కానింగ్, ఒక్కోసారి ఆపరేషన్ తప్పదు.

సంక్రాంతికి మేడ మీద పడి ఉండే మాంజా, కుట్టుమిషన్ దగ్గర సూదితో ఉన్న దారం, రబ్బర్ బ్యాండ్లు, రాఖీలు, పుట్టినరోజు బెలూన్ల రిబ్బన్లు, అన్నీ ఇదే కోవలోకి వస్తాయి. మా ఇంట్లో ఇప్పుడు తలలో పూలు తీస్తే నేరుగా మూత ఉన్న చెత్తబుట్టలోకే.

పిల్లికి ఒళ్ళు వేడిగా ఉంది. చిన్నపిల్లల జ్వరం మందు కొంచెం వేయొచ్చా?

వేయకూడదు. చుక్క కూడా వద్దు.

పిల్లి మామూలు ఉష్ణోగ్రతే 100.5 నుంచి 102.5 ఫారెన్‌హీట్ దాకా ఉంటుంది. మన చేతికి ఎప్పుడూ వెచ్చగానే తగులుతుంది. పారాసిటమాల్‌ని విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి లేదు. పెద్దవాళ్ళు వేసుకునే ఒక్క బిళ్ళ పిల్లి ప్రాణం తీయడానికి చాలు. మా బంధువుల ఇంట్లో ప్రేమకొద్దీ సగం బిళ్ళ పాలల్లో నూరి పట్టించారు. కొన్ని గంటల్లో చిగుళ్ళు చాక్లెట్ రంగులోకి తిరిగాయి, ముఖం, పంజాలు వాచాయి. అసిటైల్‌సిస్టీన్ అనే విరుగుడు ఉంది కాబట్టి, బిళ్ళల అట్ట వెంట తీసుకెళ్ళి ఏం వేశారో దాచకుండా చెప్పారు కాబట్టి ఆ పిల్లి దక్కింది. డాక్టర్ దగ్గర పరువు గురించి ఆలోచించకండి. ఏ మందు, ఎంత, ఎన్నింటికి అన్నవి మూడూ చెప్పాలి. మనం వేసుకునే నొప్పి బిళ్ళలు ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కూడా పిల్లికి విషాలే.

ఇంట్లో ఇంకా ఏవేవి విషం?

ఫినాయిల్, డెట్టాల్ లాంటివి. నేల తడిగా ఉన్నప్పుడు పిల్లి దాని మీద నడిచి, తర్వాత పంజాలు నాక్కుంటుంది. మేం నేల ఆరేదాకా వాటిని గదిలో పెట్టి తలుపేస్తాం. గాయం కడగడానికి కూడా డెట్టాల్ వాడొద్దు, ఉప్పునీళ్ళు చాలు.

కుక్కల పిడుదులకి మెడ మీద వేసే చుక్కల మందులో పెర్మెత్రిన్ అనే పురుగుమందు ఉంటే అది పిల్లికి పడదు. ఒళ్ళంతా వణుకు, ఫిట్స్ వస్తాయి. "రెండూ జంతువులేగా" అని ఒకే సీసా వాడతారు చాలామంది. ఇంట్లో కుక్క కూడా ఉంటే దానికి మందు వేసిన రోజు పిల్లిని దూరంగా ఉంచాలి.

లిల్లీ జాతి పూలు. బొకేల్లో వచ్చే పెద్ద పెద్ద లిల్లీల ఆకు, పువ్వు, పుప్పొడి, ఆఖరికి ఆ కుండీలో నీళ్ళు కూడా పిల్లి కిడ్నీలని పాడుచేస్తాయి. మన దండల్లో వాడే లిల్లీ అంటే సంపెంగ వాసన వచ్చే తెల్లపువ్వు వేరే మొక్క, ఈ భయం దానితో కాదు. పెళ్ళిరోజుకి ఎవరైనా బొకే తెస్తే మాత్రం అది మా గడప దాటి లోపలికి రాదు.

ఉల్లి, వెల్లుల్లి వేసిన కూర, పులుసు. ఎర్ర రక్తకణాలు దెబ్బతింటాయి. కోడికూర కడిగి పెట్టినా మసాలా పోదు. విడిగా ఉడికించండి.

ఎలుకల మందు గురించి ఒక మాట. మీరు పెట్టకపోయినా కింది ఫ్లాట్‌వాళ్ళు పెట్టొచ్చు. జింక్ ఫాస్ఫైడ్ రకమైతే గంటల్లోనే పని చేస్తుంది, దానికి విరుగుడు లేదు. బ్రొమాడియోలోన్ లాంటి రక్తం గడ్డకట్టనివ్వని రకమైతే రెండు మూడు రోజులు ఏమీ తెలియదు, ఆ తర్వాత లోపల రక్తస్రావం మొదలవుతుంది. దీనికి విటమిన్ కె1 విరుగుడు ఉంది. అందుకే పెట్టె మీద పేరు ఫొటో తీసుకుని మరీ వెళ్ళాలి. వాంతి చేయించడానికి ఉప్పునీళ్ళు తాగించడం లాంటి సొంత వైద్యం వద్దు.

పిల్లి కరిచింది లేదా రక్కింది. ఇంజెక్షన్లు వేయించుకోవాలా?

ముందు కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. పసుపు, కారం, సున్నం ఏవీ పెట్టొద్దు. మా రెండు పిల్లులు కొట్టుకుంటుంటే విడదీయబోయిన అత్తయ్య చేతిలో లడ్డు పళ్ళు దిగాయి. "ఇంట్లో పిల్లే కదా, టీకా కూడా వేయించారు కదా" అని ఆవిడ పసుపు డబ్బా అందుకోబోయారు. డబ్బా లాక్కుని కుళాయి దగ్గరికి నడిపించాం.

రేబిస్ పిల్లి ద్వారా కూడా వస్తుంది. చర్మం గీరుకుపోయి రక్తం రాకపోతే టీకా. రక్తం వచ్చేలా కరిచినా రక్కినా టీకాతో పాటు గాయంలోకి ఇమ్యునోగ్లోబులిన్ (వైరస్‌ని వెంటనే అడ్డుకునే యాంటీబాడీల ఇంజెక్షన్) కూడా. ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా వేసే చర్మం పొరలోని టీకా, మొదటి డోసు రోజుని 0 అనుకుంటే, 0, 3, 7, 28 రోజుల్లో ఉంటుంది. కండకి వేసేదైతే 0, 3, 7, 14, 28. కరిచిన పిల్లి 10 రోజుల పాటు ఆరోగ్యంగా ఉంటే అది కరిచేనాటికి దానిలో రేబిస్ లేదన్నట్టే, మిగతా డోసులు ఆపాలా వద్దా అన్నది అప్పుడు డాక్టర్ చెప్తారు. 10 రోజులు చూసి తర్వాత మొదలుపెడదాం అనుకోకూడదు. మొదలుపెట్టి చూడాలి.

రేబిస్ సంగతి అటుంచితే, పిల్లి కాటుతో నిత్యం వచ్చే ఇబ్బంది చీము. దాని కోరలు సన్నగా, లోతుగా దిగుతాయి. పైన చిన్న చుక్క, లోపల క్రిములు. అత్తయ్య బొటనవేలు మర్నాటికే ఎర్రగా వాచింది, యాంటీబయాటిక్ వాడాల్సి వచ్చింది. షుగర్ ఉన్నవాళ్ళు అసలు ఆలస్యం చేయకూడదు. టీటీ కూడా అడగండి.

పిల్లులు కొట్టుకుంటుంటే మధ్యలో చేయి పెట్టకండి. అట్టముక్క అడ్డం పెట్టండి, లేకపోతే దుప్పటి విసరండి.

ఇంట్లో గర్భిణి ఉంది. పిల్లిని ఎవరికైనా ఇచ్చేయాలా?

మా ఆడపడుచు పురిటికి వచ్చినప్పుడు ఈ మాట అనని చుట్టం లేడు. భయం టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి గురించి. అది పిల్లి మలంలో వస్తుంది, నిజమే. కానీ ఒకటి నుంచి ఐదు రోజులు గడిస్తే గానీ ఆ మలం అంటుకునే స్థితికి రాదు. కాబట్టి ట్రే రోజూ శుభ్రం చేయాలి, ఆ పని గర్భిణి కాకుండా ఇంకెవరైనా చేయాలి. మా ఇంట్లో ఆ బాధ్యత ఆడపడుచు భర్తకి అప్పజెప్పాం. ముక్కుకి కర్చీఫ్ కట్టుకుని, ఒక్క రోజు తప్పకుండా చేశారు. సగం ఉడికిన మాంసం, కడగని ఆకుకూరలు, కుండీల మట్టి, వీటి ద్వారా కూడా ఇది వస్తుంది, ఆ సంగతి ఎవరూ ఎత్తరు. ఇంట్లోంచి కదలకుండా ఉడికిన తిండి తినే పిల్లితో ప్రమాదం చాలా తక్కువ. డాక్టర్‌కి ఇంట్లో పిల్లి ఉందని చెప్తే అవసరమైతే రక్తపరీక్ష రాస్తారు.

పిల్లి వెంట్రుకలు పిల్లల కడుపులోకి పోతే రోగాలొస్తాయా?

వెంట్రుక వల్ల ఏమీ రాదు. ఎలర్జీ తెచ్చేది పిల్లి లాలాజలంలో, చర్మంలో ఉండే ఒక ప్రోటీన్. అది నాక్కున్నప్పుడు బొచ్చుకి అంటి, ఎండి, గాల్లో తేలుతుంది. ఆస్తమా ఉన్న పిల్లలుంటే పిల్లిని తెచ్చుకోకముందే ఆలోచించాలి. పిల్లి నుంచి మాకు నిజంగా అంటింది తామర. వీధి నుంచి తెచ్చిన పిల్లకూన చెవి మీద గుండ్రంగా బొచ్చు ఊడింది, తర్వాత మా అమ్మాయి మోచేతి మీద గుండ్రని మచ్చ. ఇద్దరికీ వేర్వేరు డాక్టర్లు, ఇంటిల్లిపాదికీ దుప్పట్ల ఉతుకుడు.

వీధిలో పిల్లకూన దొరికింది. ఇంట్లో పిల్లులతో కలపొచ్చా?

వెంటనే కలపకూడదు. పాన్‌ల్యూకోపీనియా అనే వైరస్ జబ్బు ఉంది. వాంతులు, విరేచనాలు, తెల్లకణాలు పడిపోవడం. పైన చెప్పిన ఆ పిల్లకూనకి తామర తగ్గింది గానీ, టీకా వయసు వచ్చేలోపే దీని బారిన పడింది. నీళ్ళ గిన్నె మీద తల వాల్చి కూర్చునేది, తాగేది కాదు. సెలైన్ పెట్టించాం, రాత్రంతా వేడినీళ్ళ సీసా పక్కన పెట్టాం. దక్కలేదు. పెద్ద పిల్లులకి టీకాలు ఉండబట్టి వాటికి ఏమీ కాలేదు.

ఈ వైరస్ ఇంట్లో ఏడాది దాకా ఉండగలదు, ఫినాయిల్‌కి చావదు. ఇంటి బ్లీచ్ ద్రావణం ఒక పాలు, నీళ్ళు 32 పాళ్ళు కలిపి, తుడిచాక పది నిమిషాలు తడిగా ఉంచి, ఆ తర్వాత కడగాలి. కూన వాడిన గుడ్డలు పారేయడమే మంచిది. కొత్త పిల్లిని కనీసం రెండు వారాలు వేరే గదిలో ఉంచండి. టీకాలు ఎనిమిది వారాల వయసు నుంచి మొదలవుతాయి, మూడు నాలుగు వారాలకి మళ్ళీ వేస్తారు, మూడు నెలలు నిండాక రేబిస్ టీకా.

అసలు దొరికిన కూనని వెంటనే ఎత్తుకు రాకండి కూడా. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందన్న సామెత ఊరికే పుట్టలేదు. ఒక్కొక్కదాన్నీ నోట కరుచుకుని చోటు మారుస్తుంటుంది, మీకు కనిపించింది రెండో ట్రిప్పు కోసం ఆగినది కావచ్చు. దూరం నుంచి కొన్ని గంటలు చూడండి. తల్లి రాదని తేలితే ముందు వెచ్చదనం, ఆ తర్వాతే పాలు. చల్లబడ్డ కూనకి పాలు పడితే అరగవు. పిల్లికూనల కోసం దొరికే పాలపొడి వాడాలి, ఆవుపాలు విరేచనాలు తెస్తాయి. బోర్లా ఉంచే పట్టాలి, చంటిపిల్లల్లా వెల్లకిలా పడుకోబెడితే ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

పెద్ద పిల్లికైనా పాలు పోయొచ్చుగా?

తెనాలి రామకృష్ణుడి పిల్లి పాలు చూసి పారిపోయిందని కథ. మామూలు పిల్లులు పారిపోవు, ఇష్టంగా తాగుతాయి, తర్వాత మీరు ట్రే శుభ్రం చేసుకుంటారు. చాలా పిల్లులకి పెద్దయ్యాక పాలలోని లాక్టోజ్ అరగదు.

రాత్రిళ్ళు పిల్లి చంటిపిల్ల ఏడ్చినట్టు ఏడుస్తోంది. అరిష్టమా?

ఆపరేషన్ చేయించని ఆడపిల్లి ఎదకి వచ్చిందని అర్థం. నాలుగు నెలల వయసులోనే రావచ్చు. ఆ రోజుల్లో తలుపు సందు దొరికితే చాలు, తుర్రుమంటుంది. మిరియం అలాగే పోయి మూడో రోజు తెల్లవారుజామున వచ్చింది, తొమ్మిది వారాలకి నాలుగు కూనల్ని పెట్టింది. కూనలు పాలు తాగుతుండగానే మళ్ళీ ఎదకి రాగలదు. ఐదారు నెలల వయసుకల్లా ఆడ, మగ దేనికైనా ఆపరేషన్ చేయిస్తే సగం గాభరాలు పుట్టకుండానే పోతాయి.

పిల్లి కనిపించడం లేదు. ఎక్కడ వెతకాలి?

ముందు ఇంట్లోనే. బీరువా, బట్టల అర, అటక, మంచం సొరుగు, వాషింగ్ మెషీన్. ముందు తలుపున్న మెషీన్ వేసేముందు చేయి పెట్టి తడమడం మా ఇంట్లో రూలు. మిరియాన్ని పట్టుచీరల బీరువాలో పెట్టి తాళమేసి పెళ్ళికి వెళ్ళొచ్చాం ఒకసారి. అత్తయ్య చీరల మీద హాయిగా నిద్రపోతోంది. గద్వాల చీర అంచు సంగతి మాత్రం ఇప్పటికీ ఆవిడ ముందు ఎత్తం.

బయటికే పోయిందనుకుంటే, ఇంట్లో పెరిగిన పిల్లి దూరం పోదు. నాలుగైదు ఇళ్ళ లోపే, మెట్ల కిందో, మోటారు గదిలోనో బిగుసుకుని కూర్చుంటుంది. పిలిచినా పలకదు. రాత్రి అలికిడి తగ్గాక టార్చ్ వేసి వెతకండి, కళ్ళు మెరుస్తాయి. సంపు మూత తెరిచి ఉందేమో చూడండి. వానాకాలం, చలికాలం ఇంజన్ వెచ్చదనానికి కారు బానెట్‌లో దూరతాయి, బండి తీసేవాళ్ళందరికీ బానెట్ మీద కొట్టి స్టార్ట్ చేయమని చెప్పండి. దీపావళి రోజైతే సాయంత్రం నుంచే ఒక గదిలో పెట్టి కిటికీలు మూసేయాలి.

విజయవాడ ఎండలు పిల్లి తట్టుకుంటుందా?

నీడ, నీళ్ళు, గాలి ఉంటే తట్టుకుంటుంది. మే నెలలో మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు మూసిన గదిలో చిక్కుకుంటే కష్టం. రొప్పుతూ, చొంగ కారుస్తూ కనిపిస్తే మామూలు నీళ్ళతో ఒళ్ళు తడిపి, ఫ్యాన్ పెట్టి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఐస్ నీళ్ళు పోయొద్దు.

తిండి మానేసింది. ఎన్నాళ్ళు చూడొచ్చు?

ఒక్క రోజు. పిల్లి లంఖణాలకి పుట్టలేదు. రెండు మూడు రోజులు తినకపోతే ఒంట్లో కొవ్వు వచ్చి కాలేయంలో పేరుకుంటుంది. బొద్దుగా ఉన్న పిల్లికి ఇంకా ప్రమాదం. కూన అయితే ఒక పూట మానేసినా ఫోన్ చేయండి.

కార్తీకమాసం దీపాల దగ్గర తోక కాలింది.

కుళాయి నీళ్ళు ధారగా పది నిమిషాలు పట్టండి, తర్వాత డాక్టర్. టూత్‌పేస్టు, వెన్న, సిరా ఏదీ పూయొద్దు, అది నాకేస్తుంది.

పాముని నోట కరుచుకుని ఇంట్లోకి తెచ్చింది!

మా అక్కవాళ్ళది కృష్ణ ఒడ్డున తోట పక్కన ఇల్లు, వాళ్ళకిది మామూలే. మనుషులంతా బయటికి రండి, పిల్లి నోట్లోంచి లాక్కోవద్దు, పాములు పట్టేవాళ్ళకి ఫోన్ చేయండి. పిల్లిని కాటేసిందని అనుమానం వస్తే, ముఖ్యంగా తూలుతున్నా, కళ్ళు పెద్దవైనా, ఏదైనా చోట వాచినా కట్లు కట్టకుండా, కోయకుండా ఆసుపత్రికి. మనుషులకి వాడే యాంటీవెనమే (పాము విషానికి విరుగుడు) వాటికీ వాడతారు. బయల్దేరేముందే ఫోన్ చేసి ఉందో లేదో అడగండి.

ఆదివారం రాత్రి ఎక్కడికి తీసుకెళ్ళాలి?

ఇది పిల్లి బాగున్న రోజున తేల్చుకోవాల్సిన విషయం. మీ ఊళ్ళో రాత్రిపూట తెరిచి ఉండే ఆసుపత్రి ఏది, అక్కడ పిల్లుల్ని చూస్తారా, ఎక్స్‌రే ఉందా, ముందే కనుక్కోండి. చాలాచోట్ల కుక్కలకే అలవాటుపడి ఉంటారు. పెద్ద కేసులకి మాకు గన్నవరంలోని పశువైద్య కళాశాల దగ్గర. హైదరాబాద్‌వాళ్ళకి నారాయణగూడ ప్రభుత్వ పశువైద్యశాల, రాజేంద్రనగర్ కళాశాల ఉన్నాయి, తిరుపతివాళ్ళకి అక్కడి పశువైద్య విశ్వవిద్యాలయం. పగటి ఓపీ వేళలు తెలుసుకుని వెళ్ళండి.

పిల్లిని చేతుల్లో పట్టుకుని ఆటో ఎక్కొద్దు. హారన్ మోగగానే మీ భుజం చీరి దూకుతుంది. పైనుంచి తెరుచుకునే బుట్ట, అడుగున మీ పాత చీర. ఆ బుట్ట ఎప్పుడూ హాల్లోనే తెరిచి పెట్టండి, అందులో నిద్రపోవడం అలవాటవుతుంది. అటక మీంచి దింపితే మాత్రం బుట్ట కనబడగానే పిల్లి మంచం కింద ఉంటుంది.

ఊరెళ్తే ఎవరికి అప్పజెప్పాలి?

పిల్లికి చోటు మారడం కంటే ఇంట్లోనే ఉండి, రోజుకి రెండుసార్లు ఎవరైనా వచ్చి చూడటం నయం. మా పక్కింటి పిన్నిగారు చూస్తారు. మొదట్లో ఆవిడ బయటికి వెళ్ళేటప్పుడు మిరియం ఎదురొస్తే వెనక్కి వెళ్ళి, కాసిని మంచినీళ్ళు తాగి, మళ్ళీ బయల్దేరేవారు. ఇప్పుడు మా తాళంచెవి ఆవిడ దగ్గరే ఉంటుంది. వచ్చినప్పుడల్లా రెండు పిల్లుల్నీ కళ్ళతో చూడాలనీ, తిండి గిన్నె ఖాళీ అయిందా, ట్రేలో రెండు పిల్లులవీ మూత్రం గడ్డలు ఉన్నాయా చూడాలనీ చెప్పి వెళ్తాం. డాక్టర్ నంబరు ఫ్రిజ్ మీద, బుట్ట హాల్లో, ఆటో డబ్బులు ఉప్పుడబ్బా పక్కన.